గుప్పెళ్ళు

ప్రతి పుస్తకం మొదట్లో "నా గుప్పెళ్ళకు" అని ఎందుకు రాస్తారని
మొన్న బ్రాడీపేట సభలో ఒక కుర్రాడు అడిగాడు.
గుండె గుప్పెడంత ఉంటుంది కనక, అన్నాడు పక్కవాడు.
బావుంది, అలాగే అనుకోండి, అని తప్పించుకున్నాను.
మైకు ముందు చెప్పే సంగతి కాదది.
మైకుకు ఘాటు తెలీదు.

అప్పటికి నా సీరియల్ పదకొండో వారం.
బెజవాడ గవర్నరుపేటలో, మేడమీది ఆఫీసులో
సంపాదకులు చలమయ్యగారు చుట్ట ఆర్పి
"గుప్పెడుమంది కూడా చదవట్లేదమ్మా మీది" అన్నారు.
వేళ్ళు మూసి చూపించారు కూడా.
కృష్ణ దాటే పడవలో వరాలుని కూచోబెట్టి
సశేషం అని రాసిచ్చిన వారమది.
పై వారం నా పేజీలో
పళ్ళపొడి ప్రకటన.

నెల తిరక్కుండా కార్డు ఒకటి,
గుంటూరులో బయల్దేరి, బెజవాడ చూసుకుని,
గుంటూరులోనే ఉన్న నా దగ్గరకొచ్చింది.
పెన్సిలు రాత. అంచులు ఎర్రన.
చదవబోతే తుమ్ము. వెంటనే ఇంకోటి.
"సత్యం!" అన్నారు వంటింట్లోంచి మా అత్తగారు,
ఏది సత్యమో అడక్కుండానే.

రాయునది షేక్ మస్తాన్‌బీ,
ముచ్చికలు తీయు షెడ్డు, ఏటుకూరు రోడ్డు.
పిల్ల పడవ దిగిందా లేదా.
మీరు దించకపోతే మేమే దించుకుంటాం.
ఇట్లు పదమూడుమంది.

బడి లేని పూట చూసుకుని వెళ్ళాను.
నడుముదాకా కాయ. ముక్కులకు గుడ్డలు.
నన్నెవరూ గుర్తుపట్టలేదు, కండ్లలో నీళ్ళు నాకే.
వాళ్ళల్లో అయిదు దాకా చదివింది మస్తాన్‌బీ ఒక్కతే.
కూలి కిలో లెక్కన. చదివే చేతులు కాయ ఒలవవు కదా,
మరి నీ కూలో, అన్నాను.
నవ్వి తన గంప చూపించింది:
ఆమె వాక్యం దగ్గర ఆగినప్పుడల్లా
తలా ఓ గుప్పెడు అందులో పడుతుందట.
ఎవరూ రాసిపెట్టుకోరు.
సాయంత్రం కాటా మీద ఆ గంప ఎవరి గంపకూ తీసిపోదు.

"కథ బావున్న వారం నిండు గుప్పెడు" అంది కోటేశ్వరి.
బాగోనప్పుడు?
"వేళ్ళు సగం ముడుస్తాం."
ఏడో వారం అట్లానే ముడిచారట.
ఏడో వారం సంగతి నాకూ తెలుసు,
పిల్లలకి జొరం, తెల్లవారితే గడువు.

సరే, పడవ కదిలించాను అక్కడే, టిక్కీ మీద కూచుని.
ముగింపు నా దగ్గర లేదని వాళ్ళకి చెప్పలేదు.
నది నడిమధ్య మబ్బు పట్టించి
వాన మొదలుపెట్టబోతున్నాను,
"వాన వద్దమ్మా, కల్లాల్లో కాయుంది"
అని ఓ ముసలామె చెయ్యడ్డం పెట్టింది.
ఆపేశాను.
వరాలు ఎండలోనే దిగింది సీతానగరం రేవులో,
చెప్పులు చేత పట్టుకుని,
ఎవరి కోసమూ వెనక్కి చూడకుండా.
కాస్త చూడనివ్వాల్సింది, అన్నారు ఇద్దరు.
వద్దులే, అన్నారు మిగతావాళ్ళు. ఆ తగాదా ఇంకా తెగలేదు.

లేవబోతే కొంగు పట్టమన్నారు.
ఒకటి, రెండు, మూడు... పదమూడు.
ఇదేమిటంటే
"చదివినదానికి ఇస్తాం, చెప్పినదానికి ఇవ్వమా?"
నిండువో సగానివో
సిగ్గుపడి చూళ్ళేదు.

రిక్షాలో ఒళ్ళో మూటతో ఇంటిదాకా తుమ్ముతూనే వచ్చాను.
ఆ రాత్రి కళ్ళు తుడుచుకున్నాను, ఆ చేత్తోనే.
మంటకు నీళ్ళొచ్చాయా, నీళ్ళకు మంటొచ్చిందా,
మా ఆయన అడిగితే కాయ మీదే నెట్టాను.

చలమయ్యగారి లెక్క అబద్ధం కాదు.
గుప్పెడుమందే.

ఇప్పటికీ ఒక అధ్యాయం ముగిస్తే
కలం మూసి కాసేపు ఊరుకుంటాను.
ఎదురుగా గోడే. అయినా చూస్తాను,
ఈసారి వేళ్ళు ఎంత ముడిచారో అని.